సైన్సులో బతుకుదెరువుకి ఎంత చదవాలి? మన ఇళ్లలో వేసే లెక్క, అసలు లెక్క



ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మన పిల్లలు నాకు పంపే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "అక్కా, సైన్సులో ఉద్యోగం రావాలంటే ఎంతవరకు చదవాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా రాస్తూ పోతే ఎవరికీ పూర్తి జవాబు అందట్లేదు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి, కుదిరితే ఇంట్లోవాళ్లకి కూడా చదివి వినిపించండి. ఎందుకంటే ఈ ప్రశ్నకి జవాబు తేల్చేది ఎక్కువసార్లు పిల్లలు కాదు, ఇంట్లో పెద్దోళ్లే.

మన దగ్గర ఈ విషయంలో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి: బైపీసీ తీసుకుంటే డాక్టరు కావాలి, నీట్ రాకపోతే ఇక సైన్సు అయిపోయినట్టే, డీఎస్సీకో కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవ్వు. రెండోది: సైంటిస్టు అంటే పీహెచ్‌డీ చేయాలి, ముప్పై ఏళ్లొచ్చేదాకా చదువుతూనే ఉండాలి, అది ఉన్నోళ్ల పిల్లలు చేసే పని, మనకెందుకు. మొదటిది తప్పని చూపించడం తేలికే. రెండోదానిలో సగం నిజం ఉంది, అందుకే అది మనకి ఎక్కువ నష్టం చేస్తోంది.

ఊరికే కోర్సుల పేర్లు చెప్తే ఎవరికీ గుర్తుండవు. మన ఇళ్లకి సంబంధించిన ఒక్క జబ్బు తీసుకుని చెప్తాను. సికిల్ సెల్.

మన గూడేల్లో ఈ జబ్బు తెలియని వాళ్లు తక్కువ. పేరు తెలియకపోవచ్చు గానీ, చిన్నప్పటి నుంచి కీళ్లు పట్టేసి ఏడ్చే పిల్లాడినీ, ఊరికే కళ్లు పచ్చబడి నీరసపడిపోయే అమ్మాయినీ చూసే ఉంటారు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం దీనిమీద ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి రక్త పరీక్ష చేయాలని లక్ష్యం. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. మీలో చాలామందికి హాస్టల్లోనే వేలు గుచ్చి పరీక్ష చేసే ఉంటారు.

ఆ ఒక్క రక్తం చుక్క వెంట నడుచుకుంటూ పోదాం. ఎవరెవరి చేతులు మారుతుందో, ఆ చేతులు ఎంత చదివాయో చూద్దాం.

మొదట గూడేనికి వచ్చి, భయపడే తల్లికి నచ్చజెప్పి, పిల్లాడిని క్యాంపుకి తీసుకొచ్చేది ఆశా అక్క. ఆమె చదువు పదో తరగతి, అంతకంటే తక్కువ కూడా ఉండొచ్చు. ఆమెతో పాటు ఏఎన్ఎం. ఇంటర్ తర్వాత రెండేళ్ల కోర్సు. తర్వాత పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎంఎల్‌టీ. ఆయన చేసేది సాల్యుబిలిటీ టెస్టు. రక్తాన్ని ఒక రసాయనంలో కలిపి ట్యూబు వెనకాల గీతలున్న కాగితం పెడతారు. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ద్రవం మసకబారి గీతలు కనపడవు. మా చిన్నాన్న కొడుకు చేసేది ఈ పనే. జీతం వస్తోంది, ఇల్లు కట్టుకున్నాడు, ఊళ్లో అందరూ రిపోర్టు చూపించేది వాడికే.

కానీ ఆ టెస్టుకి ఒక హద్దు ఉంది. ద్రవం మసకబారితే సికిల్ ఉందని తెలుస్తది గానీ, ఆ మనిషికి జబ్బు ఉందా, లేక లక్షణం మాత్రమే మోస్తున్నాడా అన్నది తెలియదు. ఆర్నెల్లలోపు పసిపిల్లల్లో అసలు నమ్మకంగా పని చేయదు. అది తేల్చాలంటే పెద్ద ఆస్పత్రిలో హెచ్‌పీఎల్‌సీ అనే మిషన్ మీద పెట్టాలి. మిషన్ నడపడానికి బీఎస్సీ ఎంఎల్‌టీ చదివిన వాళ్లు సరిపోతారు. అది గీసిన గ్రాఫ్ చూసి తికమక కేసుల్లో ఏది ఏంటో చెప్పాలంటే ఇంకా పైచదువు కావాలి.

తర్వాతి మెట్టు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. అబ్బాయికి, అమ్మాయికి ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే, వాళ్లకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటది. మనలో మేనరికాలు ఎక్కువ. ఈ మాటని మేనమామకి, మేనత్తకి, కుల పెద్దలకి కోపం రాకుండా, అమ్మాయి మీద మచ్చ పడకుండా ఎవరు చెప్పాలి? దీన్నే జెనెటిక్ కౌన్సెలింగ్ అంటారు. హ్యూమన్ జెనెటిక్స్‌లో ఎంఎస్సీ చేసినవాళ్లు ఈ పనికి వస్తారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఆ డిపార్ట్‌మెంట్ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్, బేగంపేటలో జన్యు వ్యాధుల ఆస్పత్రి ఉన్నాయి. అయితే ఎంఎస్సీ ఉన్నంత మాత్రాన కోయలో, కువిలో, గోండీలో, సవరలో మాట్లాడటం రాదు కదా. ఈ ఉద్యోగంలో మన భాష కూడా ఒక క్వాలిఫికేషనే. తెలుగులో చెప్తే తల ఊపి వెళ్లిపోయే ముసలాయన, కోయలో చెప్తే కూర్చుని ఎదురు ప్రశ్న వేస్తాడు. నేను కళ్లారా చూశాను.

ఇంకా పైకి వెళ్తే పీహెచ్‌డీ. ఈ జబ్బు హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ తేడా వల్ల వస్తోందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. ఆ ప్రోటీన్ గొలుసులో ఆరో స్థానంలో ఒక్కటంటే ఒక్క అమైనో ఆమ్లం మారడమే కారణమని 1957లో ఇంగ్రామ్ చూపించాడు. మన దేశంలో దీన్ని మొదట రికార్డు చేసింది 1952లో, నీలగిరి కొండల్లోని ఆదివాసుల రక్తంలో. 2025 నవంబరులో ఢిల్లీలోని ఐజీఐబీ అనే సీఎస్ఐఆర్ ల్యాబ్ జన్యువునే సరిచేసే చికిత్సను ప్రకటించి, దానికి బిర్సా 101 అని పేరు పెట్టింది. బిర్సా ముండా పేరు. సంతోషమే. రక్తం మనది, పేరు మనది. ఆ ల్యాబ్ బెంచీల దగ్గర నిలబడేవాళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉంటారన్నది మాత్రం నేను ఈ పోస్టు రాయడానికి ఒక కారణం.

కాబట్టి "ఎంత చదవాలి" అంటే, ఒక్క జబ్బు మీద పనికే పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా ఆరు మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఆగినా అన్నం పెడతది. ఇది సికిల్ సెల్‌కే కాదు. శ్రీహరికోటలో రాకెట్ వదిలేచోట టెక్నీషియన్ పోస్టుకి ఇస్రో అడిగేది పదో తరగతి, ఐటీఐ. టెక్నికల్ అసిస్టెంట్‌కి డిప్లొమా. బీటెక్ ఉంటే సైంటిస్టు అనే హోదాతోనే తీసుకుంటారు, పీహెచ్‌డీ అడగరు. బార్క్‌లో ఇంటర్ ఎంపీసీ 60 శాతంతో పాసైనవాళ్లని స్టైపెండ్ ఇచ్చి ట్రైనింగ్‌కి తీసుకునే పోస్టులుంటాయి. అదే బార్క్ ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎంఎస్సీ వాళ్లని ఏడాది ట్రైనింగ్ ఇచ్చి సైంటిఫిక్ ఆఫీసర్ చేస్తది. జియాలజీ ఎంఎస్సీ చేసి యూపీఎస్సీ పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు. మొదటి బేసిక్ 56,100. మన కొండల్లో ఎక్కడ ఏ ఖనిజం ఎంతుందో లెక్క రాసేది వాళ్లే. ఆ లెక్కల వల్ల మన ఊళ్లకి ఏమేం వచ్చిపడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సర్వే టీములో మనవాడు ఒకడుంటే కనీసం ఆ మ్యాపు చదవడం మనకి ముందే తెలుస్తది.

వ్యవసాయం సంగతి కూడా ఒక మాట. పది తర్వాత రెండేళ్ల అగ్రికల్చర్ డిప్లొమా చేసి ఆగిపోవచ్చు, లేదా అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కి వెళ్లొచ్చు. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఆర్వీ నగర్‌లో కాఫీ బోర్డు వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో హార్టికల్చర్ వాళ్లది ఉంది. మన గుమ్మం ముందు ఉన్న ల్యాబ్‌లు ఇవి. మనలో చాలామంది ఆ గేటు దాటింది కలుపు తీసే కూలికి. లోపల మిరియం మొక్క మీద, రాజ్మా మీద ఎవరు ఏం కనిపెడుతున్నారో అడిగినవాళ్లు ఎంతమంది?

ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. "సరే అక్కా, చిన్న కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకుంటే చాలు కదా, పైకి ఎందుకు?" అని అడుగుతారు. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కింది మెట్ల మీద జీతం ఉంటది, గౌరవం ఉంటది. ఏ ప్రశ్న మీద పని జరగాలో తేల్చే అధికారం మాత్రం ఉండదు. పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ లేకుండా పాతికేళ్లు పనిచేసినా, ఎక్కువసార్లు వేరేవాళ్ల ప్రశ్నకి జవాబు వెతకడంలోనే గడిచిపోతది. దానికి ఆ మనిషి తెలివితో సంబంధం లేదు. పద్ధతి అలా ఉంది.

కేరళలో కాణి తెగ వాళ్ల కథ మీరు వినాలి. 1987లో తిరువనంతపురం వైపు అగస్త్యమలై అడవుల్లో కొందరు శాస్త్రవేత్తలు సర్వేకి వెళ్లారు. దారి చూపించడానికి కాణి యువకులు వెంట వెళ్లారు. శాస్త్రవేత్తలు కొండెక్కి అలసిపోతుంటే, ఈ కుర్రాళ్లు మాత్రం ఏవో చిన్న కాయలు నమిలి హుషారుగా నడుస్తున్నారు. అడిగితే మొదట చెప్పలేదు, తర్వాత చూపించారు. అది ఆరోగ్యపచ్చ అనే మొక్క. దానితో జీవని అనే మందు తయారైంది. 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షలకి లైసెన్సు ఇచ్చారు, ఆ డబ్బులోనూ రాయల్టీలోనూ సగం కాణి వాళ్లకి ఇవ్వాలని ఒప్పందం చేశారు. ఆదివాసుల జ్ఞానానికి వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటని ప్రపంచమంతా దీన్ని చెప్పుకుంటారు. మంచిదే, చాలాచోట్ల అదీ ఇవ్వలేదు. అయినా ఒకసారి గమనించండి. ఆ సర్వేలో ఒకరి పేరు శాస్త్రవేత్త, ఇంకొకరి పేరు గైడు. మొక్క తెలిసినవాడు గైడు.

మనకి దగ్గర్లో కోరాపుట్ జిల్లాలో కమలా పూజారి అనే ఆమె ఉండేవారు. పరజా తెగ. అరకు వైపు మనం పోర్జ అంటాం. బడి ముఖం చూడకుండానే వందకు పైగా దేశవాళీ వరి రకాలు కాపాడారు. 2002లో జోహన్నెస్‌బర్గ్‌లో వాళ్లకి అంతర్జాతీయ అవార్డు వచ్చింది, 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో చనిపోయారు. "చూశావా, చదువు లేకపోయినా సైన్సు చేయొచ్చు" అని కొంతమంది ఇలాంటివాళ్లని చూపించి అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఆమె చేసింది ముమ్మాటికీ సైన్సే, అందులో అనుమానం లేదు. కానీ అదే పని యూనివర్సిటీలో చేసినవాళ్లకి నెలనెలా జీతం, పెన్షను, పేపరు మీద పేరు వచ్చాయి. ఆమెకి డెబ్భై ఏళ్లు వస్తుండగా పతకం వచ్చింది. పతకం చూపించి మన పిల్లలకి చదువు అక్కర్లేదని చెప్పేవాళ్లు, తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో ఒకసారి కనుక్కోండి.

ఇక అసలు లెక్కకి వస్తాను. డబ్బు, ఏళ్లు.

పోయిన నెల ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో మాట్లాడించింది. బైపీసీలో తొమ్మిది వందలు దాటాయి. వాళ్ల నాన్న నాకు బాబాయ్ వరస అవుతాడు. తునికాకు డబ్బులు వచ్చాయి, అవి అమ్మాయి చదువుకి పెట్టాలా, ఇంటి రేకులకి పెట్టాలా అన్న ఆలోచనలో ఉన్నాడు. ఆయన "ఎంత చదవాలి" అని అడగలేదు. "ఇంకా ఎన్నేళ్లమ్మా?" అని అడిగాడు.

"డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఆ తర్వాత పీహెచ్‌డీ ఐదేళ్లు అనుకో బాబాయ్."

"అంటే పదేళ్లు నేను కూలికి పోవాలి."

"కాదు బాబాయ్. ఐదేళ్లే. ఆ తర్వాత దానికే జీతం వస్తది."

"చదువుతుంటే జీతం ఎవరిస్తరు?"

నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన తప్పు కాదు. మనకి ఎవరూ చెప్పలేదు. పీహెచ్‌డీ అంటే ఫీజు కట్టి చదివే చదువు అనుకుంటాం. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే, 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. హాస్టల్ దొరక్కపోతే ఇంటి అద్దె అలవెన్సు అదనం. నెట్ రాకపోయినా, పీహెచ్‌డీలో చేరిన ఎస్టీ విద్యార్థులకి గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 మందికి విడిగా ఫెలోషిప్ ఇస్తది. పీజీ మార్కుల మీద ఎంపిక చేస్తారు. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మంది ఎస్టీలకి ఇంకొకటి ఉంది, అందులో 3 చెంచు, కొండరెడ్డి, కొలాం లాంటి పీవీటీజీ తెగల వాళ్లకి ప్రత్యేకం.

అంటే ఖర్చు పైమెట్ల దగ్గర లేదు. మధ్యలో ఉంది. ఇంటర్ అయిపోయిన రోజు నుంచి పీజీ చేతికొచ్చే రోజు దాకా ఉన్న ఆ ఐదేళ్లు. మన పిల్లలు జారిపడేది ఆ ఐదేళ్లలోనే. పీహెచ్‌డీకి భయపడి మనం డిగ్రీలోనే ఆపేస్తున్నాం. పైన ఎస్టీ కోటా సీట్లు నిండక మిగిలిపోతున్నాయన్న వార్తలు మాత్రం ప్రతి ఏడాదీ చదువుతున్నాం.

నేను పూసలు గుచ్చినట్టు చెప్తున్నా గానీ దారి అంత నున్నగా ఉండదు. ఫెలోషిప్ ఏదైనా ప్రతి నెలా ఒకటో తారీఖున పడదు. నాలుగైదు నెలలు ఆగి ఒకేసారి పడే సందర్భాలుంటాయి. అప్పుడు మెస్ బిల్లు ఎవరు కడతారు? అప్పు ఇచ్చే సీనియర్ ఒకరుండాలి. మనవాళ్లు ఒకే యూనివర్సిటీలో ఇద్దరు ముగ్గురు ఉంటే దాటేస్తాం. ఒక్కరే ఉంటే ఇంటికి వచ్చేస్తారు. ఆడపిల్లలకైతే ఇరవై మూడు దాటగానే పెళ్లి మాటలు మొదలవుతాయి. యూజీసీ నిబంధనల్లో ఆడవాళ్లకి పీహెచ్‌డీ పూర్తి చేయడానికి రెండేళ్లు అదనంగా ఉంది, 240 రోజుల ప్రసూతి సెలవు ఉంది. పెళ్లి చేసుకుంటే చదువు ఆగిపోవాలన్న రూలు ఎక్కడా లేదు. అత్తింటివాళ్లకి ఈ కాగితం చూపించాల్సి వస్తే నన్ను అడగండి, పంపుతాను.

మధ్య ఐదేళ్లు దాటడానికి నాకు తెలిసిన దారులు మూడు.

మొదటిది, ఇంటర్ నుంచే ఐసర్, నైసర్ లాంటి చోట్లకి పోవడం. ఐసర్లు దేశంలో ఏడు. మనకి తిరుపతిలో ఒకటి, ఒడిశా బరంపురంలో ఒకటి. ఐదేళ్లలో డిగ్రీ, పీజీ రెండూ కలిసి వస్తాయి. ఎస్టీలకి 7.5 శాతం సీట్లు. ఇలాంటి పేరున్న సంస్థల్లో సీటు వచ్చిన ఎస్టీ పిల్లలకి, కుటుంబ ఆదాయం 6 లక్షల లోపుంటే, కేంద్రం ఏటా 1000 మందికి ఒక స్కాలర్‌షిప్ ఇస్తది. నీట్ కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి రెండేళ్లు, రెండు లక్షలు పోసే ఇళ్లు మనలో కూడా ఉన్నాయి. అదే పిల్లలు ఐసర్ పరీక్షకి అప్లై కూడా చేయట్లేదు. సిలబస్ పెద్ద తేడా ఏమీ లేదు, లెక్కలు కొంచెం అదనం. ఇది నాకు అర్థం కాని విషయం.

రెండోది, దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి పీజీకి పెద్ద యూనివర్సిటీకి పోవడం. నేను వచ్చింది ఈ దారిలోనే. నేను చదివిన కాలేజీలో మూడేళ్లలో మైక్రోస్కోప్ ముట్టుకున్నది నాలుగుసార్లు. అయినా రావొచ్చు. డిగ్రీ మూడో ఏడు మొదలయ్యేసరికి జామ్ గురించి, సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రెన్స్ గురించి తెలిసి ఉండాలి. రిజల్ట్స్ వచ్చాక ఆలోచిస్తే అప్లికేషన్లు అయిపోతాయి. ఇప్పుడు నాలుగేళ్ల ఆనర్స్‌లో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత అంటున్నారు, ఎస్టీలకి 5 శాతం సడలింపు కూడా ఉంది. ఏడాది మిగులుతది నిజమే. మన చిన్న కాలేజీల నుంచి వచ్చేవాళ్లకి మాత్రం నేను పీజీనే చెప్తాను. మంచి ల్యాబ్‌లో రెండేళ్లు చేతులు పెట్టకుండా నేరుగా పీహెచ్‌డీలో పడితే, మొదటి ఏడాదే ఊపిరాడదు.

ఇంగ్లీషు కూడా అంతే. ఎంఎస్సీ మొదటి సెమిస్టర్‌లో పది పేజీల పేపరు చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టేది. పక్కన కూర్చున్న అమ్మాయి మధ్యాహ్నం మెస్‌కి వెళ్లే లోపు చదివేసేది. ఆర్నెల్లు పట్టింది నాకు. ఆ ఆర్నెల్లలోనే మనవాళ్లు ఇద్దరు టీసీ తీసుకుని వెళ్లిపోయారు, ఇద్దరూ నాకంటే బాగా చదివేవాళ్లే. కెమిస్ట్రీ రాక కాదు, క్లాసులో నోరు తెరిస్తే నవ్వుతారని. నవ్వుతారు కూడా. మొదటి నెల నవ్వుతారు, మొదటి ఇంటర్నల్ మార్కులు వచ్చాక తగ్గుతది.

మూడోది, మధ్యలో ఆగి సంపాదించి మళ్లీ ఎక్కడం. దీన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, "చదువు ఆపేసింది" అంటారు. బీఎస్సీ తర్వాత పరిశోధన ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టులుంటాయి. 2020లో కేంద్ర సైన్స్ శాఖ పెట్టిన రేటు ప్రకారం నెలకి 20,000, పైన ఇంటి అద్దె. నేను చేరినప్పుడు అంతకంటే తక్కువే ఇచ్చారు. ఆ రెండేళ్ల జీతంతో తమ్ముడి పాలిటెక్నిక్ అయింది, నా పీజీ ఖర్చుకి కొంత మిగిలింది, అన్నిటికంటే ముఖ్యంగా ల్యాబ్ అంటే భయం పోయింది. మా చిన్నాన్న కొడుకు కూడా ఉద్యోగం చేస్తూనే ఇప్పుడు డిగ్రీ పూర్తి చేస్తున్నాడు.

ఆగేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఆగిన చోట నుంచి పైకి తలుపు ఉందా లేదా. ఇంటర్‌లో ఒకేషనల్ ఎంఎల్‌టీ తీసుకున్నవాళ్లు బ్రిడ్జి కోర్సు రాసుకోండి, లేకపోతే తర్వాత బీఎస్సీకి అడ్డం పడొచ్చు. అగ్రి డిప్లొమా చేసినవాళ్లకి అగ్రిసెట్ ఉందని కాలేజీలో చెప్పకపోతే మీరే అడగండి. గుర్తింపు లేని పారామెడికల్ కాలేజీలు మన ఏజెన్సీ టౌన్లలో బోర్డులు పెట్టుకుని కూర్చున్నాయి. చేరే ముందు పారామెడికల్ బోర్డు లిస్టులో పేరుందో లేదో చూడండి. ఫీజు తక్కువ, బస్టాండ్ పక్కనే అని చేరితే సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికే పనికొస్తది.

డీఎస్సీకి చదివే మిత్రులకి కోపం రావొచ్చు. టీచర్ ఉద్యోగం చిన్నదని నేను అనట్లేదు, నాకు అక్షరాలు నేర్పింది మన ఆశ్రమ పాఠశాల సారే. కానీ ఏజెన్సీలో టీచర్ పోస్టులు వంద శాతం మనకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన పెద్దోళ్లు డీఎస్సీ దారి చూపించింది ఆ జీవో ఉన్న రోజుల్లో. దాని కోసం కొట్లాట కొట్లాటే. ఆ కొట్లాట తేలేదాకా పిల్లలందర్నీ ఒకే లైన్లో నిలబెట్టడం ఎందుకు? బైపీసీ, ఎంపీసీలో మంచి మార్కులొచ్చిన పదిమందిలో ఇద్దర్ని అయినా ఈ పక్కకి పంపండి అంటున్నాను.

బాబాయ్ సంగతి అడుగుతారేమో. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు. ఈ వారం మళ్లీ ఫోన్ చేసి, జీతం ఇస్తారన్న కాగితం ఒకటి తెలుగులో రాసి పంపమన్నాడు. రాస్తున్నాను. ఎవరి దగ్గరైనా ఇలాంటి సమాచారం ఇప్పటికే తెలుగులో, వీలైతే కోయలో, రాసిపెట్టి ఉంటే గ్రూపులో పెట్టండి, అందరికీ పనికొస్తది.

ఇంకో పని. ఐసర్, సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ, ఏ కేంద్ర సంస్థకి అప్లై చేసినా ఎస్టీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో అడుగుతారు. మీసేవలో ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం కొన్నిచోట్ల తీసుకోరు. తహసీల్దార్ ఆఫీసులో ఆ నమూనా ప్రింట్ తీసుకెళ్లి విడిగా అడగాలి. ఒక్క రోజులో ఇవ్వరు, తిప్పుతారు. వానలు పడి వాగులు పొంగాక మండలానికి వెళ్లడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఈ నెలలోనే ఆ పని చూసుకోండి. డౌట్లుంటే కింద రాయండి, సాయంత్రం ఏడు దాటాక జవాబిస్తాను, పగలు ల్యాబ్‌లో ఫోన్ పక్కన పెట్టేస్తాం.